శవం వేషానికి దిష్టి

అమెరికాలో, న్యూయార్క్‌కి దగ్గర్లోని పార్సిప్పనీలో మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఒక ఇంగ్లండ్ అమ్మాయి ఉండేది. నటి. ఇరవై మూడేళ్లుంటాయేమో. సముద్రం ఒడ్డున ఏదో చిన్న ఊళ్లో స్కూలు నాటకాలతో మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చింది. న్యూయార్క్ అద్దెలు భరించలేక మా కాంప్లెక్స్‌లో చేరి, ఆడిషన్లకి బస్సులో వెళ్లొచ్చేది. మిగతావాళ్లంతా సాఫ్ట్‌వేర్ వాళ్లు కాబట్టి పగలు బిల్డింగ్‌లో మిగిలేది మేమిద్దరమే. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. ఆమెది నటుల వీసా, చేయొచ్చు గానీ ఎవరూ ఇవ్వరు.

ఇచ్చినా శవం వేషమే. పోలీసు సీరియళ్లలో మొదట్లోనే కనబడే అమ్మాయి. తను తెల్లగా, సన్నగా ఉంటుంది కాబట్టి మేకప్ పెద్దగా అక్కర్లేదని నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. పెళ్లి కూడా కాని పిల్లని అస్తమానం అలా పడుకోబెట్టడమేమిటి? ఆ సాయంత్రమే మా వంటింట్లో కూర్చోబెట్టి, గుప్పెడు రాళ్ల ఉప్పు, ఎండు మిరపకాయలు ఆమె చుట్టూ తిప్పి, కాలుతున్న బాణలిలో వేశాను. మరుక్షణం ఇద్దరం దగ్గలేక చచ్చాం. పొగకి అలారం మోగింది. బిల్డింగ్ మొత్తం మంచులోకి దిగింది, ఫైరింజన్ వచ్చింది.

కింద నిలబడి వణుకుతూ, దీని అర్థమేమిటని అడిగింది. దిష్టి ఉంటే మిరపకాయలు ఎంత కాలినా ఘాటు రాదని, ఇంత ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టేనని శుభవార్తలా చెప్పాను.

“అంటే నన్నెవరూ చూడలేదన్నమాట” అంది.

దిష్టి గురించి నేనెప్పుడూ అలా ఆలోచించలేదు.

ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన, “ఇంకోసారి ఇంట్లో కాల్చావంటే లీజ్ క్యాన్సిల్ చేస్తారు. అంతగా కావాలంటే బిల్డింగ్ వెనకాల బొగ్గుల గ్రిల్ మీద చేసుకో” అన్నాడు.

చలికాలం చివర్లో ఆమెకి ఒక వాక్యం దొరికింది. చనిపోయే ముందు తలుపు తీసి ఆ వాక్యం చెప్పాలి. వీసా గడువు దగ్గరపడింది. మాట్లాడే వేషం ఒక్కటైనా చూపించకపోతే పొడిగింపు మాట మర్చిపొమ్మని ఏజెంట్ తేల్చి చెప్పాడు. కాబట్టి ఆ ఒక్క వాక్యాన్నే మా హాల్లో రోజూ అమెరికన్ యాసలో ప్రాక్టీస్ చేసేది. తలుపు తట్టడం నా పని. వంకాయ కూర మాడిపోయినా తట్టడం మానలేదు.

ఎపిసోడ్ వచ్చిన రోజు మా టీవీ ముందే కూర్చున్నాం. పేర్లు పడ్డాయి. తలుపు లేదు, మాట లేదు. నేరుగా కార్పెట్ మీద శవం. ఎడిటింగ్‌లో తీసేశారు. ఆ సీరియల్ వాళ్లని తెలుగులో నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె మాత్రం చివరిదాకా చూసి, లేచి, మిరపకాయలున్నాయా అని అడిగింది.

వెనకాల గ్రిల్ వెలిగించాం. ఆమె చుట్టూ తిప్పి నిప్పుల మీద వేశాను. గాలి నా వైపే వీస్తోంది. నేను కదల్లేదు. ఆమె అవతలి పక్కన చేతులు కట్టుకుని, గాలి పీలుస్తూ, నా మొహం వంకే చూస్తోంది. గొంతు భగ్గుమంది. దగ్గు బిగబట్టాను.

“నాకేం వాసన రావట్లేదు. నీకు?”

“రావట్లేదు” అన్నాను. “చాలా దిష్టి ఉంది. అందరూ నిన్నే చూశారు.”

మరి కళ్లలో నీళ్లెందుకని అడిగింది. నువ్వు వెళ్లిపోతున్నావు కదా, అందుకే అని చెప్పాను. అది మాత్రం అబద్ధం కాదు.