ఏడో ఫోటో తర్వాత

ఎల్లారెడ్డి బస్టాండు వెనక సందులో ప్రభుదాసుకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పింఛను కాగితాలకు ఫోటో కావాలని ముసలివాళ్లు వస్తే ముందు కుర్చీ వేస్తాడు, ఫ్యాను వాళ్ల వైపు తిప్పుతాడు, మంచినీళ్లు ఇస్తాడు. వాళ్ల ఆయాసం తగ్గాకే కెమెరా చేతిలోకి తీసుకుంటాడు. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లకూ చావులకూ పిలిస్తే పోయి తీస్తున్నాడు. తీసినవన్నీ మరచిపోయాడు, ఒక్కటి తప్ప. పొద్దున బకెట్లో చెంబు ముంచినా అదే కళ్లకు కడుతుంది. పచ్చటి నీళ్లు. నీళ్ల మీద పాస్టరు గారి మోచేయి. మోచేతి చుట్టూ వలయాలు. మనిషి లేదు.

లేని ఆ మనిషి సాలవ్వ. నాగిరెడ్డిపేట దగ్గరి పల్లె ఆమెది. భర్త యాకూబుతో కలిసి నాట్లకు, కోతలకు కూలికి పోయేది. ముప్ఫై ఏళ్లు ఒక్క ఆదివారం తప్పకుండా ప్రార్థనకు వచ్చింది గానీ బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. చిన్నతనంలో ఆమె చూస్తుండగానే తమ్ముడు బావిలో పడి చనిపోయాడు. అప్పటినుంచి మోకాలు దాటిన నీళ్లంటే వణుకు. ఆమె దిగలేదని యాకూబూ దిగలేదు. పోయిన చలికాలంలో, అరవై ఏడేళ్ల వయసులో, “ఇంకెన్నాళ్లు భయపడుత, దేవుడు పట్టుకోడా” అని ఆమే బయల్దేరింది.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. పోచారం కాలువలో బాప్తిస్మం ఇచ్చేటప్పుడు గట్టు మీదివాళ్లంతా కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తారు. తడిసిన మనిషి గట్టెక్కి, తనే తువ్వాల కప్పుకొని, “ఆమెన్” అని గట్టిగా అనేదాకా ఎవరూ కళ్లు తెరవరు. తడిబట్టల్లో ఉన్న ఆడమనిషి సిగ్గుపడగూడదని వెనకటి పెద్దలు పెట్టిన మర్యాద అది. పాస్టరు అబ్రాహాము గారు కూడా కళ్లు మూసుకునే ముంచుతారు, మూసుకునే లేపుతారు. కళ్లు తెరిచి ఉండేది ఫోటో తీసేవాడొక్కడే. అతను కూడా మొఖం వరకే తీయాలి.

ఆ రోజు సాలవ్వ నడుం లోతు నీళ్లలో నిలబడి గజగజ వణికింది. పాస్టరు గారి చేయి ఆమె తల వెనక్కి పోగానే ప్రభుదాసు బటన్ నొక్కి పట్టాడు. టకటకా ఏడు ఫోటోలు పడ్డాయి. ఏడో దాంట్లో నీళ్లు ఆమె మీద మూసుకున్నాయి. ఎనిమిదోది పడలేదు. కెమెరా వెనక ఎర్ర లైటు వెలిగి ఆరలేదు. బటన్ నొక్కితే కదల్లేదు. ప్రభుదాసు కెమెరా దించి ఆ లైటునే చూస్తూ, “పోవే, పోవే” అని గొణిగాడు. లైటు ఆరేసరికి గట్టు మీద “ఆమెన్” వినబడింది. సాలవ్వ తువ్వాల కప్పుకొని ఉంది.

మూడు వారాలకు ఆమెకు జ్వరం పట్టింది. నాలుగో వారం మట్టి చేశారు.

యాకూబు ఫోటోల కోసం స్టూడియోకు వచ్చాడు. ఏడో ఫోటో చేతిలో పట్టుకొని చాలాసేపు చూశాడు.

“దీని తర్వాతది ఏది బిడ్డా?”

“కెమెరా మొరాయించింది బాపూ.”

“ఆమె భయపడుకుంటనే మునిగింది. లేచేటప్పుడు మొఖం ఎట్లుండె? నేను కండ్లు మూసుకున్న. అందరు మూసుకున్నరు. నువ్వే చూసినవ్.”

ఆ ముసలి కళ్ల ముందు ప్రభుదాసుకు నిజం నోట రాలేదు. “నవ్వుకుంటనే లేచింది బాపూ,” అన్నాడు.

యాకూబు తల ఊపి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి ఎప్పుడు కలిసినా అదే అడిగేవాడు. “నిజంగనే నవ్విందా?” “నవ్వింది బాపూ.” అన్నప్పుడల్లా ప్రభుదాసుకు నీళ్లు కనబడేవి. కదలని నీళ్లు. ప్రార్థనలో మోకరిస్తే కూడా అవే.

ఈ ఏడు యాకూబు తనే కబురు చెప్పాడు. “వచ్చే ఆదివారం నేను దిగుత. ఫోటో నువ్వే తియ్యాలె. ఆమెను చూసినోనివి గదా.”

మర్నాడే ప్రభుదాసు కామారెడ్డి బస్సెక్కాడు. స్టేషను రోడ్డులో ఎజాజ్ కెమెరాల దుకాణం పెట్టుకున్నాడు. ప్రభుదాసు కెమెరాలోంచి పాత మెమరీ కార్డు తీసి గల్లా మీద పెట్టాడు.

“భాయ్, దీనికి ఏం రోగమో చూడు. వంద అని రాసి ఉన్నది, వంద అంటే తక్కువ స్పీడా?”

ఎజాజ్ నవ్వాడు. “గీ వందను చూసే అందరు మోసపోతరన్నా. గది కార్డుల ఉన్న ఫోటో కంప్యూటరుకు పోయే స్పీడు. కెమెరా నుంచి కార్డుకు ఎక్కే స్పీడు వేరే. గిదిగో, మూలకు చిన్నగ, గుండ్రం గీతల పది. సెకనుకు పది ఎం.బీ. అనే వీళ్లు మాటిచ్చేది. నీ కెమెరాల ఒక్క ఫోటోనే ఇరవై అయిదు. కెమెరా ఓ నాలుగైదు కడుపుల దాచుకుంటది. కడుపు నిండినంక ఏం జేస్తది పాపం? సన్న మూతి సీసల బిందెడు నీళ్లు పోసినట్టు.”

ప్రభుదాసు అద్దం లోపల అన్నిటికన్నా ఖరీదైన దాన్ని చూపించాడు. “అయితే గా ‘వి’ తొంభై అని రాసిన కార్డు ఇయ్యి.”

“ఇయ్య.”

“ఏంది, బేరం చేదా నీకు?”

“దీని వెనక పండ్ల లెక్క రెండు వరుసల రేకులున్నయి చూడు. నీ కెమెరాకు ఒక్క వరుసనే అందుతది. గుర్రాన్ని కొని గాడిద బండికి కడ్తవా? ‘వి’ అక్షరం పక్కన ముప్ఫై ఉన్నది తీసుకో, నీకు అది చాలు.” అంటూనే ప్యాకెట్టు చింపి కార్డు కెమెరాలో పెట్టాడు. “కొనకముందే చూసుకో. నేను చాయ్ పోస్త, నువ్వు తియ్యి.”

ఎజాజ్ గ్లాసులోకి ఎత్తు నుంచి చాయ్ పోశాడు. పద్నాలుగు ఫోటోలు ఆగకుండా పడ్డాయి. ఆ తర్వాత కెమెరా నెమ్మదించింది గానీ నిలిచిపోలేదు.

“ఇంకోటన్నా. ఏ కార్డయినా మొదట్నుంచే బటన్ అదిమిపెట్టకు. మునిగేటప్పుడు రెండు చాలు. లేచేదానికి జాగా ఉంచు.”

ఆ మాట ప్రభుదాసు గుండెలో దిగింది. తప్పు కార్డుదే అని ఇన్నాళ్లూ అనుకున్నాడు. సాలవ్వ వణికే మొఖం బాగుందని తొందరపడి, మునగడానికే కెమెరా కడుపు నింపేసింది తన వేలు. పోసిన చాయ్ ఎజాజ్ అతని చేతికే ఇచ్చాడు. తాగాడు గానీ రుచి తెలియలేదు.

ఆదివారం కాలువ గట్టు మీద పదిహేను మంది ఉన్నారు. అవతలి గట్టు మీద మేకలు మేస్తున్నాయి. అబ్రాహాము గారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరి కళ్లు మూతపడ్డాయి. ప్రభుదాసు రెండు తీసి వేలు ఎత్తేశాడు. నీళ్లు యాకూబు మీద మూసుకున్నాయి. అదే పచ్చదనం, అదే మోచేయి, అవే వలయాలు. వలయాలు చెదిరాయి. యాకూబు నోరు తెరుచుకొని, కళ్లు చిట్లించి పైకొచ్చాడు. ప్రభుదాసు బటన్ నొక్కి పట్టాడు. పదకొండు పడ్డాయి.

“ఆమెన్!”

తువ్వాల కప్పుకొని యాకూబు నేరుగా అతని దగ్గరికే వచ్చాడు. కెమెరా వెనక తెరలో తన మొఖం చూసుకున్నాడు. గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి.

“నేను నవ్వలే గదరా,” అన్నాడు మెల్లగా. “నీళ్లలకెళ్లి లేస్తే ఎవనికి నవ్వొస్తది? గాలి కోసం కొట్టుకుంటరు. ఆమె ఎట్ల నవ్వింది?”

ప్రభుదాసు కెమెరా దించాడు. “నేను చూడలే బాపూ. కెమెరాల ఎర్ర లైటు చూసుకుంట నిలబడ్డ. అబద్ధం చెప్పిన. నన్ను మాఫ్ చెయ్యి.”

యాకూబు తువ్వాల కొస పిండుకుంటూ నిలబడ్డాడు. “అయితే ఎవ్వరు చూడలేదన్నట్టు,” అన్నాడు.

“నేను చూసిన.”

అవతలి గట్టు నుంచి వచ్చింది ఆ మాట. మేకలు కాసే హమీదున్నీసా. ఆమె ఇల్లు తూము పక్కనే. అన్నీ విన్నట్టుంది.

“మీ అందరి కండ్లు మూసి ఉండె. నాకేం పద్ధతి? నేను చూస్తుంటి.”

“ఇన్నాళ్లు చెప్పలేదేంది హమీదమ్మా?” అన్నాడు యాకూబు.

“నన్నెవరడిగిన్రు?”

యాకూబు నీళ్ల అంచుదాకా నడిచాడు. “నవ్విందా?”

“లే. నా మేకపిల్ల జారి కాలువలకు దిగుతుండె, నేను చూస్కోలే. సాలవ్వ పైకి లేచుడు లేచుడే దాన్ని చూసింది. నోట్లె నీళ్లున్నయి, మాట రాలే. కండ్లు ఇంత పెద్దగ చేసి, చెయ్యి చాపి చాపి చూపించింది. నేను ఉరికి పట్టుకున్న. అప్పుడు పోయి తువ్వాల కప్పుకున్నది.”

“భయపడ్డదా?”

“పడ్డది. పిల్ల పోతదని.”

యాకూబు గట్టు మీద కూర్చున్నాడు. అన్నానికి రమ్మని ఎవరో పిలిచినా కదల్లేదు. “ఏ చెయ్యి చాపింది?” అని అడిగాడు.

“కుడి చెయ్యే.”

“పిల్ల ఏ రంగు?”

“నల్లది. చెవులు తెల్లగుండె.”

“మళ్ల చెప్పమ్మా, మొదట్నుంచి.”

ఆమె మేకల్ని అదిలించి, గట్టు మీద కుదురుగా కూర్చొని మళ్లీ మొదలుపెట్టింది. ప్రభుదాసు కళ్లు మూసుకొని విన్నాడు. ఏడో ఫోటోలోని నీళ్లు అలాగే ఉన్నాయి, ఇంకా మూసుకునే ఉన్నాయి. అంచున మాత్రం ఒక నల్ల మేకపిల్ల కాళ్లు జారుతూ నిలబడి ఉంది.