నేను కూర్చుంటే బస్సు పోతుంది

చదువంటే బట్టీ, బట్టీ అంటే నేను అని గట్టిగా నమ్మిన వయసు అది. గుంటూరులో పదో తరగతి దాకా పాఠాల్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని. నాన్న ఉద్యోగం మమ్మల్ని తెచ్చి టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో పడేసింది. అక్కడి హైస్కూల్ ఆఖరి ఏడాదిలో గవర్నమెంట్ అనే సబ్జెక్ట్ ఉండేది. అలవాటు కొద్దీ అమెరికా రాజ్యాంగం మొత్తం బట్టీ పట్టేశాను. మా సారేమో (ఫుట్‌బాల్ కోచ్ కూడా ఆయనే, అందరూ కోచ్ అనే పిలిచేవాళ్లం) అప్పజెప్పమని ఒక్కరోజు కూడా అడగలేదు. "నువ్వేమనుకుంటున్నావ్?" అని అడిగేవారు. నేనేమనుకోవాలో పుస్తకంలో ఎక్కడా రాసిలేదు! నేల చూపులు చూసేదాన్ని.

సెమిస్టర్ చివర్లో కోచ్ మా క్లాసునే సెనేట్ (మన రాజ్యసభ లాంటిది) చేశారు. మేం పాస్ చేసిన బిల్లును అమలు చేస్తానని ప్రిన్సిపాల్ గారు మాటిచ్చారు. ఆఖరి రోజు ఆఖరి బిల్లు ఒక ఆరడుగుల కుర్రాడిది. వాడు ఇంత పెద్ద పికప్ ట్రక్‌లో వచ్చేవాడు కాబట్టి నేను మనసులో వాడికి లారీ అని పేరు పెట్టుకున్నాను. "సాయంత్రం లేట్ బస్సు తీసేసి, అది ఆగే చోటంతా సీనియర్ల పార్కింగ్‌కి ఇవ్వాలి," అన్నాడు లారీ. స్కూలయ్యాక రోబోటిక్స్ క్లబ్‌లో ఉండిపోయి, ఆ బస్సులోనే ఇల్లు చేరేదాన్ని. అమ్మానాన్నా ఇద్దరూ ఆఫీసుల్లో ఉండేవాళ్లు. కారు లేకపోతే ఆ ఊళ్లో కాళ్లున్నా లేనట్టే. "బస్సు లేకపోతే క్లబ్బూ లేదు, గిబ్బూ లేదు, బుద్ధిగా ఇంటికొచ్చెయ్," అని అమ్మ ముందే తేల్చేసింది. అమెరికా మొత్తమ్మీద నాకున్న ఒక్కగానొక్క స్నేహితురాలు ఆ క్లబ్‌లోనే ఉండేది.

క్లాసులో కార్లున్నవాళ్లే ఎక్కువ. ఓటింగ్ పెడితే మా పని గోవిందా. బెల్‌కి ఇంకా నలభై నిమిషాలుంది, ఆలోపు ఓటింగ్ జరక్కపోతే బిల్లు చచ్చినట్టే. అప్పుడు పుస్తకంలోని ఒక పేరా నా కళ్లముందు మెదిలింది. సెనేటర్ కూర్చోకుండా మాట్లాడుతున్నంతసేపూ ఓటింగ్ పెట్టడానికి వీల్లేదట. దాన్ని ఫిలిబస్టర్ అంటారు. చెయ్యెత్తాను.

"నువ్వా?" అన్నారు కోచ్. "సరే, ఫ్లోర్ నీదే, మాట్లాడు. కూర్చున్నా, ఆగినా ఓటింగే."

ఇంకేముంది, ఎత్తుకున్నాను రాజ్యాంగం! గుక్క తిప్పుకోకుండా ఆర్టికల్ తర్వాత ఆర్టికల్ అప్పజెప్పేశాను. లారీ బల్ల మీద తల పెట్టి నిద్రపోయాడు. భయం వల్ల మరీ వేగంగా వెళ్లానేమో, చిట్టచివరిదైన ఇరవై ఏడో సవరణ కూడా అయిపోయింది. గడియారం చూస్తే ఇంకా పన్నెండు నిమిషాలు! బట్టీ పట్టింది ఒక్క ముక్క మిగల్లేదు. "ఓట్! ఓట్!" అంటూ లారీ లేచి కూర్చున్నాడు.

"నేనేమనుకుంటున్నానంటే..." అనేశాను. (నేనే అన్నానా అని ఇప్పటికీ అనుమానమే.) ఇక ఆగలేదు. మా అమ్మ నాకు డ్రైవింగ్ నేర్పబోయి మొదటిరోజే షాపింగ్ బండిని గుద్దించిన వైనం చెప్పాను. ఆ బస్సు డ్రైవర్ తాత, క్లబ్‌లో నా స్నేహితురాలు తప్ప ఈ స్కూల్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరని చెప్పాను. అది చెబుతుంటే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే మాట్లాడాను. నవ్వినవాళ్లు నవ్వారు, లారీ మాత్రం నోరు తెరుచుకుని విన్నాడు. బెల్ మోగింది. బిల్లు హుష్‌కాకి! బస్సు పిల్లలంతా బల్లలు చరిచి గోల గోల చేశారు. ఎన్నికల్లో గెలిచినదానిలా తల ఎగరేసి నిలబడ్డాను.

లారీ నా దగ్గరికొచ్చి, మొదటిసారి నా పేరు అడిగాడు. "చివర చెప్పిందేదో మొదటే చెప్పుంటే నేనే బిల్లు వెనక్కి తీసుకునేవాణ్ని కదా! ఆ రాజ్యాంగమంతా మాకెందుకు చదివావ్?" అన్నాడు.

అది మాత్రమే చెబితే సరిపోతుందని నాకప్పుడు తెలియదు, పిచ్చిమొద్దుని.