యాదగిరి అన్న స్వీట్లు తిని పోలేదు

నిన్న సాయంత్రం ఫోన్.
"బయాలజీ యాదగిరి సార్ పోయిండన్నా."

నమ్మలేదు. పొద్దున్నేగా చిక్కడపల్లిలో ఇద్దరం చాయ్ తాగాం!

అశోక్ నగర్‌లో కోచింగ్ తీసుకున్న వాళ్లందరికీ ఆయన తెలుసు. నేను పక్క సెంటర్‌లో ఎకానమీ చెప్తాను. అయినా ఆయన ఎంజైమ్‌ల క్లాస్ ఉందంటే వెళ్లి వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి.

తలా ఒక బ్రెడ్ ముక్క ఇచ్చేవాడు.
"మింగకుర్రి. నములుకుంటనే ఉండుర్రి."

కాసేపటికి ఉత్త బ్రెడ్ తియ్యగా తగిలేది. లాలాజలంలోని ఎంజైమ్ పిండిని చక్కెరగా మారుస్తోందని అప్పుడు చెప్పేవాడు.

ఆయనకు షుగర్. అన్నానికి ముందు రెండు గోలీలు. ఒకటి రక్తంలో షుగర్ దించుతుంది, వేసుకున్నాక తినకపోతే మరీ పడిపోతుంది. రెండోది పేగుల్లో చక్కెరను గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది.

అందుకే ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవాడు:
"నాకు చెమటలు పట్టి కళ్లు తిరిగితే స్వీట్లు పెట్టకుర్రి, రక్తంలకు జల్ది ఎక్కది. గ్లూకోజ్ పొడి కలిపి ఇయ్యుర్రి."

పిల్లలు దాన్ని ఒక బిట్‌గా రాసుకున్నారు. ఆ ఎంజైమ్ పేరు నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

నిన్న యూట్యూబ్ లైవ్. మధ్యాహ్నం గోలీలు వేసుకుని అన్నం బాక్స్ తెరిచాడట. మేనేజ్‌మెంట్ వచ్చి, "లైవ్ ఆపితే వ్యూస్ పడిపోతయ్ సార్, జర కానియ్యుర్రి" అని లేపుకుపోయింది.

చెమటలు పట్టి బోర్డు దగ్గరే కూలాడు.

ఏం చేశారో తెలుసా? ఎవరో సెలెక్ట్ అయ్యారని తెచ్చిన లడ్డూలు నోట్లో కుక్కారు. బిట్ బట్టీ పట్టిన వాళ్లే! ఎదురుగా మెడికల్ షాపు. గ్లూకోజ్ డబ్బా తేవాలని ఒక్కడికీ తోచలేదు. హాస్పిటల్‌కి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది.

ఛీ. ఇదేం చదువు?

ఈ పొద్దున నారాయణగూడలో వాళ్లింటికి వెళ్తే చుట్టాల గుసగుసలు.
"షుగర్ పెట్టుకొని నోరు కట్టుకోలే. స్వీట్లు తిని పోయిండు."
వదిన వింటోంది.

అక్కడే గట్టిగా అరిచాను, ఇక్కడా రాస్తున్నాను. ఆయన తిని పోలేదు. అన్నం ముందు నుంచి లేపితే పోయాడు. నోటి నిండా తీపి ఉన్నా రక్తంలో షుగర్ లేక పోయాడు.

ఆ సెంటర్ వాళ్లు అప్పుడే ఫ్లెక్సీ కట్టేశారు. పైన ఆయన ఫోటో, కింద "కొత్త బ్యాచ్ ప్రారంభం". మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నాడురా, సిగ్గులేని వాళ్లారా!

వదినా, ఆ మాటలు చెవిన పెట్టుకోవద్దు.

వెళ్లిరా అన్నా.
అక్కడ లైవ్‌లు ఉండవు. కూర్చుని నెమ్మదిగా అన్నం తిను.
నీ ఆత్మ చల్లగా ఉండాలి.