నీలం గుడ్డపట్టీ

బెంగళూరు మెజెస్టిక్‌లో ఎక్కిన యలహంక బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి మణికట్టుకు మాసిపోయిన నీలం గుడ్డపట్టీ ఒకటి ఉంది. ఏమిటమ్మా అది అని అడిగాను. జర్మనీలో చదువుకుంటోందట. రైళ్లు మారి మూడు రోజుల సంగీతోత్సవానికి వెళితే అక్కడ కట్టారట. తీసేస్తే మళ్లీ లోపలికి రానివ్వరట.

"మా జాతరలోనూ అంతేనమ్మా. కంకణం కట్టుకున్నోడు పొలిమేర దాటకూడదు. జాతర ముగిసినాక పెద్దోళ్లు విప్పుతారు. నీదింకా ఎందుకుండాది?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. "రెండోరోజు ఫోన్ వచ్చింది తాతా. అవ్వకు బాగలేదు, రమ్మనిరి. నాకు పాట నేర్పింది అవ్వే. ఇంకొక్క రోజే కదా, అయినాక పోదామనుకుంటి. వచ్చేసరికి మట్టి చేసేసినారు."

నేను బడి మెట్లెక్కనివాణ్ణి. పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అంత చదువు దొరికినవాళ్లు ఇలా చేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

"పాటలు వినేదానికా నిన్ను అంతదూరం పంపినారు?" అన్నాను, బస్సంతా వినేలా.

ఆమె వక్క కత్తిరిస్తున్న నా అడకత్తెర చూసి చెయ్యి చాపింది. "పెద్దోళ్లే విప్పాలంటిరి కదా తాతా. మీరే కోసేయండి."

"కట్టించుకున్నది నువ్వు. నువ్వే కోసుకో."

ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండి వెనక్కి వెళ్లింది. యలహంకలో దిగేటప్పుడు "పోయొస్తా తాతా" అని మాత్రం అంది.

నన్ను ఎవరు ఎప్పుడు ఏ మాటన్నారో మరిచిపోని మనిషిని. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

ఇప్పుడు అంగట్లో కత్తిరించిన వక్కే కొనుక్కుంటున్నాను.