మిద్దె మీద మామ, కింద నేను

నా చిన్నప్పుడు టీవీలో బొమ్మ తెప్పించడం ఇద్దరు మనుషుల పని. ఒకరు మిద్దె ఎక్కి ఏంటెన్నా గొట్టం తిప్పాలి. ఇంకొకరు టీవీ ముందు నిలబడి, బొమ్మ వచ్చిందో లేదో అరిచి చెప్పాలి. తిప్పేవాడికి బొమ్మ కనపడదు. బొమ్మ చూసేవాడికి గొట్టం అందదు. ఈ సంగతి మరిచిపోయి చాలా కాలమైంది. మొన్న ఎండాకాలం షార్జా పక్కనున్న అజ్మాన్‌లో నా బాల్కనీలో ఒక్కడినే నిలబడి ఏంటెన్నా తిప్పుతుంటే మళ్లీ గుర్తొచ్చింది.

ముప్పై ఏళ్లు షార్జాలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో స్టోర్ కీపర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఏ బోల్టు ఏ అరలో ఉందో రాసిపెట్టడం నా ఉద్యోగం. ఏ రోజు ఏం జరిగిందో రాసిపెట్టడం నా అలవాటు. ఉద్యోగం పోయింది, అలవాటు మిగిలింది. నా భార్య పోయి రెండేళ్లు దాటింది. మా అమ్మాయి అబుదాబిలో నర్సు. అక్కడి బనియాస్ పేటలో తోటి నర్సులతో కలిసి ఒక గదిలో ఉంటుంది. నా వీసా ఆమె మీదే ఉంది గాని, ఆ గదిలో నాకు చోటు ఉండదు కదా. అందుకని మేం ముగ్గురం ఉండిన అజ్మాన్ ఇంట్లోనే నేనొక్కడిని ఉండిపోయాను. సెలవు దొరికినప్పుడు ఆమె బస్సెక్కి వస్తుంది. దొరకనప్పుడు ఫోన్ చేస్తుంది.

వచ్చినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి మార్చి వెళ్తుంది. ఒకసారి మెత్తటి చెప్పులు తెచ్చింది. ఒకసారి నూనె లేకుండా వేయించే పొయ్యి తెచ్చింది. ఇంకోసారి పాత టీవీ తీసేసి గోడంత టీవీ పెట్టించింది. ఒక్కోటి అమర్చాక, "ఇప్పుడు బాగుందా నాన్నా?" అని అడుగుతుంది. బాగుందమ్మా అంటాను. నిజానికి అవన్నీ మంచి వస్తువులే.

ఆ టీవీలో కొన్నాళ్లు నెట్ మీద తెలుగు చానెళ్లు చూశాను. చూస్తున్నంతసేపూ ఇల్లు నిండుగా ఉండేది. కట్టేయగానే ముందుకంటే ఎక్కువ ఖాళీగా అనిపించేది. మానేశాను. ఒకరోజు బల్బు కొనడానికి మా వీధిలోని కొట్టుకు వెళితే, అక్కడి మలయాళీ ఆయన బల్బుతో పాటు ఒక ఏంటెన్నా కూడా ముందు పెట్టాడు.

"అంకుల్, ఏంటెన్నా లగావ్. సబ్ ఫ్రీ, సబ్ హెచ్‌డీ. నెట్ భీ నహీ చాహియే."

"అన్నీ అరబ్బీయే కదా?" అన్నాను హిందీలో.

"తో క్యా హువా? ఆప్ దేఖో. బోల్నే కా కామ్ ఉన్ కా హై," అని నవ్వాడు. మాట్లాడే పని వాళ్లది, చూసే పని మీది అని. ఆ మాట నచ్చి తెచ్చుకున్నాను.

మేడ మీద బిగిద్దామని వెళితే మా బిల్డింగ్ నాతూర్, అంటే కాపలా ఆయన, మెట్ల దగ్గరే ఆపేశాడు. "బాబా, ఊపర్ మనా హై. ముదీర్ దేఖేగా తో మేరా ఖలాస్," అన్నాడు. పైకి పోకూడదట, మేనేజరు చూస్తే తన పని అయిపోయినట్టేనట. ఆయన ఉద్యోగానికి ఎసరు పెట్టడం ఎందుకని బాల్కనీతో సరిపెట్టుకున్నాను. ఎదురుగా రెండు బిల్డింగులు, వాటి మధ్య సన్నని సందు. సంకేతం వస్తే ఆ సందులోంచే రావాలి.

చిన్నప్పటి టీవీలో బొమ్మ కుదరకపోతే చుక్కల వాన కురిసేది. ఆ వానలోంచి కూడా మనిషి ఆకారం పోల్చుకోవచ్చు. దగ్గరికొచ్చామో దూరం పోయామో తెలిసేది. ఈ కొత్త పద్ధతిలో అలాంటి జాలి లేదు. వస్తే అద్దంలా వస్తుంది, రాకపోతే నల్లటి తెర. మధ్యలో కాసేపు బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరి ఆగిపోతుంది. నేను బాల్కనీలో కొంచెం తిప్పి, హాల్లోకి నడిచి చూసి, మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకొంచెం తిప్పి, మళ్లీ వచ్చి చూసేవాడిని. నేను టీవీ దగ్గరికి చేరేలోగా వచ్చిన బొమ్మ పోయేది. తిప్పిన చోటల్లా రెయిలింగ్ మీద సుద్దముక్కతో గీతలు పెట్టుకున్నాను. రెండు సాయంత్రాలు ఇలాగే గడిచాయి. చొక్కా తడిసి ముద్దయ్యేది. అంత ఉక్కపోతలో సంకేతాలు చాలా దూరం నుంచి కూడా వస్తాయట; అలా ఒకసారి సముద్రం అవతలి దేశపు చానెల్ ఏదో వచ్చి, కాసేపు కనపడి, మాయమైంది.

మూడో రోజు ఒక ఉపాయం తోచింది. నా భార్య డ్రెస్సింగ్ టేబుల్ అద్దం ఊడదీసి, టీవీకి ఎదురుగోడ మీద ఏటవాలుగా కట్టాను. ఇక బాల్కనీలో నిలబడే తెర చూడొచ్చు. అరబ్బీ అక్షరాలు అద్దంలో తిరగబడి కనిపించాయి. తిన్నగా ఉన్నా నేను చదవలేను కాబట్టి నాకేం ఇబ్బంది లేదు. కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోయాను. ఉన్నట్టుండి అద్దంలో ఒంటెల పందెం ప్రత్యక్షమైంది. ముక్కుతాళ్ల పురి కూడా కనపడేంత స్పష్టంగా ఒంటెలు పరుగెడుతున్నాయి.

"వచ్చింది!" అన్నాను పైకే. అని, హాలు వైపు తిరిగాను.

హాల్లో ఎవరూ లేరు. ఉండరని నాకు తెలుసు. ఇద్దరి పనిని ఒక్కడినే చేసుకునే ఏర్పాటు చేసుకున్నందుకు సంతోషించాల్సిన మనిషిని, ఆ గొట్టం పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను. అప్పుడు మా మామ గుర్తొచ్చాడు.

మా అమ్మకు తమ్ముడాయన. సూళ్లూరుపేటలో వైర్లు, బల్బులు అమ్మే కొట్టు ఉండేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక తెల్లవారుజామున మా నాన్న అమ్మను కారులో పడుకోబెట్టుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి నన్ను మామ వాళ్లింటికి చేర్చారు. అమ్మ మద్రాసు పోయిందన్నారు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. ఆ భయంలో అసలు మాట్లాడడమే మానేశాను. అత్త ఇంకొంచెం అన్నం పెట్టేదా అంటే తల ఊపేవాడిని, నీళ్లు పోసుకుంటావా అంటే తల ఊపేవాడిని. వచ్చినవాళ్లందరితో అత్త, "బంగారం లాంటి బిడ్డ, నోట్లో నాలుక లేదు," అని మెచ్చుకునేది. పెద్దవాళ్లంతా నేను బాగున్నాననే అనుకున్నారు.

ఆ రోజుల్లోనే మామ ఆ వీధికి మొదటి టీవీ తెచ్చాడు. మద్రాసు నుంచి వచ్చే బొమ్మే మాకు దిక్కు. ఇనప గొట్టానికి ఏంటెన్నా కట్టి మిద్దె మీద నిలబెట్టాడు. ఒక సాయంత్రం నన్ను టీవీ ముందు నిలబెట్టి, "బొమ్మొస్తే చెప్పు. అంతే నీ పని," అని నిచ్చెనెక్కాడు.

"వచ్చిందా?" అని పైనుంచి కేక.

నేను తల అడ్డంగా ఊపాను.

"ఏరా, ఉండావా, నిద్రపొయ్యావా?"

మళ్లీ ఊపాను. వంటింట్లోంచి అత్త, "రాలేదంటయ్యా! వాడు తల ఊపతా ఉండాడు!" అంది.

"నిన్నడిగానా? నీ పులుసు నువ్వు చూసుకో. నాకు వాడు చెప్పాల!"

కాసేపటికి చుక్కల వానలో గీతలు కదిలాయి. గీతలు ఒక ఆడమనిషి అయ్యాయి. తల్లో పూలు పెట్టుకుని, ఏదో చెబుతూ ఉంది. "వచ్చింది," అన్నాను గొంతులోనే.

"ఏందీ? వినపళ్ళా!" అన్నాడు మామ. గొట్టం కిర్రుమంది. ఆవిడ ఒక పక్కకు సాగి, చిరిగి, వానలో కలిసిపోయింది. మద్రాసు నుంచి వచ్చిన మనిషిని నేనే పోగొట్టుకున్నాననిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మళ్లీ వచ్చింది. "వచ్చింది మామా," అన్నాను.

"గాలి హోరబ్బయా, వినపళ్ళేదు!"

ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. గొట్టం మళ్లీ తిరిగింది, ఆవిడ మళ్లీ పోయింది. మూడోసారి ఆవిడ ముఖం కనపడగానే నాలో ఏం తెగిందో తెలియదు. కడుపులోంచి అరిచాను.

"వచ్చింది! ఆపు మామా! తిప్పబాక! తిప్పబాక!"

వీధిలో పోతున్నవాళ్లెవరో, "ఎవుర్రా అది, గొంతు కోస్తా ఉండారా?" అని నవ్వారు. గొట్టం ఆగింది.

"ఏం కనపడతా ఉంది?" అన్నాడు మామ.

"ఆడమనిషి! పూలు పెట్టుకోనుంది! మాట్లాడతా ఉంది!"

"ఇంకా?"

"ఇంకా... మాయమ్మ యాడుంది మామా? బతికే ఉందా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. మామ నిచ్చెన దిగి వచ్చి, తుప్పు అంటిన చేతులతోనే నన్ను దగ్గరికి తీసుకున్నాడు. అమ్మకు కడుపులో ఆపరేషన్ జరిగిందనీ, లేచి కూర్చుంటోందనీ, గంజి తాగుతోందనీ చెప్పాడు. "నువ్వడగలా. అడగలేదంటే బాగుండావనుకున్నాం," అన్నాడు. నా కళ్లు తుడిచి, "పైనుండేవాడికి కింద సంగతి ఎట్టా తెలుస్తుందిరా? నువ్వు అరిస్తేనే గదా నేను చెయ్యి ఆపేది," అన్నాడు. ఆ ఆదివారం నన్ను రైల్లో మద్రాసు తీసుకెళ్లి, ఆసుపత్రి మంచం పక్కన కూర్చోబెట్టాడు. అమ్మ కోలుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది.

నేను పెద్దయ్యాక ఒకసారి అత్త చెప్పింది. మిద్దె మీద మామ నిలబడిన చోటు సరిగ్గా టీవీ ఉన్న గది కిటికీకి పైనేనట. కింద గుసగుసలాడినా వినపడుతుందట. మొదటిసారి నేను అన్నప్పుడే ఆయన విన్నాడట.

ఒంటెలు పరుగెత్తిన ఆ సాయంత్రమే మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, ఇంటి అద్దె కాంట్రాక్టు నెలాఖరుకి ఖలాస్. ఆఫీసువాళ్లు అడుగుతున్నారు. అక్కడ బాగానే ఉంది కదా? ఇంకో సంవత్సరానికి సంతకం పెట్టేదా?"

కిందటేడు కూడా ఇదే అడిగింది. బనియాస్‌లో వేరే ఇల్లు చూడనా అని కూడా అడిగింది. నాకిక్కడ అలవాటైపోయిందమ్మా అన్నాను. రాత్రి డ్యూటీలు చేసే పిల్ల నెత్తిన నన్ను కూడా ఎక్కించడం ఎందుకనుకున్నాను. ఇప్పుడు కూడా ఆ జవాబే నాలుక చివర సిద్ధంగా ఉంది. ఒక్క మాట అంటే ఇంకో సంవత్సరం గడిచిపోతుంది.

"లేదమ్మా. బాగాలేదు," అన్నాను.

"ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్లు బాగానే ఉంది. నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక మళ్లీ నేను ఒక మనిషితో మాట్లాడ్డం ఇదే."

ఆమె వైపు ఆసుపత్రి తోపుడుబండి చక్రాల చప్పుడు వినిపించి దూరమైంది.

"ఎప్పటినుంచి నాన్నా?"

"మీ అమ్మ పోయినప్పటినుంచి."

"మరి అడిగినప్పుడల్లా బాగుందన్నావు!"

"అన్నాను."

"నీకు అజ్మాన్ అంటే ఇష్టమని కదా నేను... ఆ గదిలో నలుగురి మధ్య నేను మాత్రం ఏం సుఖంగా ఉన్నాననుకున్నావు? నీకెందుకు చెప్పడం, బాధపడతావని ఊరుకున్నా." ఆమె ముక్కు చీదుకుంది. "సంతకం పెట్టను. పో."

బనియాస్‌లో చిన్న ఇంటి కోసం వెతుకుతోంది. ఇంకా కుదరలేదు. ఈ ఇంటి ఆఫీసువాళ్లు కొన్ని నెలలు గడువిచ్చారు. కుదురుతుందో లేదో నాకు తెలియదు. అంతవరకూ ఒంటెలు, వంటలు, శుక్రవారం ప్రసంగాలు చూస్తూ ఇక్కడే ఉంటాను.

మామ దగ్గర నేర్చుకున్నదాన్ని జీవితంలో ఎక్కువ కాలం వాడకుండా దాచుకున్నాను. ఇప్పుడు రోజూ వాడుతున్నాను. అమ్మాయి అడిగితే ఆ రోజు ఎలా ఉందో అలాగే చెబుతాను. మోకాలు నొప్పైతే నొప్పని, ఏమీ తోచకపోతే తోచలేదని. ఆమె గబగబా బాగున్నానంటే మాత్రం వినపడనట్టు మళ్లీ అడుగుతాను. రెండోసారికి కొంత చెబుతుంది. మూడోసారికి కాస్త ఎక్కువ చెబుతుంది. నిన్న తన వార్డులో ఒక ముసలాయన పోయాడట. చివరిదాకా ఆమె చెయ్యి వదల్లేదట. బస్సులో గదికి వెళ్తూ దారంతా ఏడ్చిందట. గదిలో ఎవరికీ చెప్పలేదట. నాకు చెప్పింది.