అనంతగిరి మలుపుల్లో పెద్దమ్మ

పోయిన ఆదివారం పొద్దున చందానగర్ నుంచి ఫోన్ వచ్చింది. పెద్దమ్మ కూతురు. పలకరింపు కూడా లేకుండా "అక్కా, అమ్మ పోయింది" అంది. రాత్రి అన్నం తిని, టీవీ చూసి, రేపు చింతచిగురు పప్పు చెయ్యాలని చెప్పి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. నొప్పి లేదు, దవాఖాన లేదు. ఏడుస్తూనే, "ఎవరినీ పరేషాన్ చెయ్యకుండా పోయింది, అంతా తన ఇష్టమే" అంది ఆ పిల్ల. ఆ మాటకు నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పెద్దమ్మ ఏది చేసినా తన ఇష్టం ప్రకారమే చేసింది. కాకపోతే ఆ ఇష్టం బయటపడటానికి యాభై ఏళ్ళు దాటాయి.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. ఉద్యోగం కోసం కాకినాడ నుంచి వచ్చి వాళ్ళ పైవాటాలో కిరాయికి దిగాను. మొదటి రోజు మా వైపు అలవాటు కొద్దీ "ఆంటీ, నీళ్ళు ఎన్నింటికి వస్తాయండీ" అని అడిగాను. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఆంటీ అంటే బజార్ల ఎవర్నో పిలిచినట్టుంటది. పెద్దమ్మా అను బిడ్డా" అంది. పెళ్ళయి గచ్చిబౌలి వచ్చేసేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను.

నేను వెళ్ళేసరికే పెదనాన్న లేరు. గేటు పక్కన ఆయన స్కూటర్ నీలం పట్టా కప్పుకుని ఉండేది. ప్రతి శుక్రవారం పెద్దమ్మ పట్టా తీసి, బండిని తడిగుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి, మళ్ళీ కప్పేది. అల్లుడు అమ్మేద్దామంటే సరేననేది. కొనేవాళ్ళు వస్తే మాత్రం ఏదో ఒక వంక చెప్పి పంపేసేది. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వస్తుంటే గేటు దగ్గరే ఆపింది.

"నాకు బండి నేర్పుతవా?"

వేళాకోళం అనుకున్నాను. కాదు. బండిని అప్పటికే మెకానిక్ దగ్గరికి పంపించి కొత్త బ్యాటరీ వేయించింది.

ఆదివారాలు ఐటీ ఆఫీసుల రోడ్లు ఎంత ఖాళీగా ఉంటాయో అక్కడ పనిచేసేవాళ్ళకు తెలియదు. బస్సులు లేవు, క్యాబ్‌లు లేవు, అద్దాల మేడల మధ్య నున్నని రోడ్డు మాత్రం ఉంటుంది. అక్కడే మా బడి. పెద్దమ్మ చీర మీద పెదనాన్న పాత చొక్కా తొడుక్కునేది. హెల్మెట్ పట్టడం లేదని కొప్పును మెడ మీదికి దించుకుంది. మొదటి రోజే తిన్నగా వెళ్ళి డివైడరు మీది గన్నేరు చెట్టులో పడింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి పూలలో కూర్చుని బండికేమన్నా అయిందా అని అడుగుతోంది. ఆ తర్వాత పడీపడీ నవ్వింది. "చెట్టుకు తగులుతనేమో అని చెట్టునే జూసిన. చెట్టు కాడికే పోయింది. ఎటు జూస్తే బండి అటే పోతది బిడ్డా." తర్వాతి రోజుల్లో ఉద్యోగం గురించి, పెళ్ళి గురించి నేను బెంగపడ్డ ప్రతిసారీ ఆవిడ "చెట్టును జూడకు" అనేది. ఇంకేమీ అనేది కాదు.

ఒకసారి మా ఆఫీసు ముందు బండి ఆపి, నేను ఎక్కడ కూర్చుంటానో చూపించమంది. పైన ఎక్కడో ఉన్న కిటికీ చూపించాను. గంత పైకి పోయి ఏం చూస్తవని అడిగింది. కంప్యూటర్ చూస్తానన్నాను. ఆ వారమంతా కూరగాయల బండి అతనికీ, పాలతనికీ, ఎదురింటి కోడలికీ ఆ సంగతి చెప్పి నవ్వుకుంది.

లైసెన్సు వచ్చాక వానాకాలం చివర్లో ఒక పొద్దున, అనంతగిరికి పోదాం అంది. కొండ అవతల ఊళ్ళో వాళ్ళక్క ఉంటుందని నాకు తెలుసు. కూతురికి మాత్రం గుడికి పోతున్నానని చెప్పింది. అబద్ధం కాదు కదా, అనంతగిరి మీద గుడి ఉంది కదా అని నాకు సర్ది చెప్పింది. తను ముందు, నేను వెనక. లింగంపల్లి దాటి, శంకర్‌పల్లి దాటాక ఊళ్ళు పలచబడ్డాయి. రెండు పక్కలా పత్తి చేలు, మొక్కజొన్న చేలు. వికారాబాద్‌లో టీ తాగాం. అక్కడి నుంచి నేను నడుపుతానంటే తాళం చెవి కొంగుకు ముడేసుకుంది.

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే చెట్లు రెండు వైపుల నుంచీ వంగి నీడ పరిచాయి. తడి మట్టి వాసన. రెండు మలుపులు బాగానే తిరిగాం. మూడో మలుపులో పైనుంచి బస్సు వచ్చింది. పెద్దమ్మ పక్కకు తీసి ఆపింది. ఇంజన్ ఆగిపోయింది. ఏటవాలు మీద బండి, వెనక ఒక కారు హారన్ కొడుతోంది. పక్కన లోయ. నేను రెండు కాళ్ళూ నేలకు ఆనించి, దిగండి పెద్దమ్మా, నేను నడుపుతానన్నాను. ఆవిడ వెనక్కి తిరగలేదు.

"రెండు బ్రేకులు గట్టిగ పట్టుకున్న. బండి యాడికీ పోదు. జర ఊపిరి తీస్కోనియ్యి. ఆ కారాయనను ముందుకు పొమ్మను. తొందర ఆయనకున్నది, మనకు లేదు."

కారు పోయింది. ఆవిడ వీపు ఒకసారి పైకి లేచి కిందికి దిగడం నా చేతులకు తెలిసింది. బండి స్టార్టయింది. తర్వాతి మలుపు ఎంత మెత్తగా తిరిగిందంటే నేను భయపడటం మరిచిపోయాను. ఆ పైమలుపులో ఆవిడ ఏదో కూనిరాగం తీస్తోంది.

కొండ మీద బండి ఆపి హెల్మెట్ తీసింది. కింద ఎటు చూసినా పచ్చదనమే, దాని మీద మబ్బుల నీడలు జరుగుతున్నాయి. అటే చూస్తూ చెప్పింది. పెళ్ళయి ఈ దారినే బస్సులో కొండ దిగిందట, ముందు సీటుకు తల ఆనించి, వాంతులతో. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా ఎవరిదో కారులో, వెనక సీట్లో కళ్ళు మూసుకునే. "ఇన్నేండ్లు తిరిగినగని ఈ గుట్ట ఎట్లుంటదో నేను జూడనే లేదు. తోలేటోళ్ళకు కండ్లు తిరగవు బిడ్డా."

అవతలి వైపు దిగి ఊళ్ళోకి వెళ్ళేసరికి వాళ్ళక్క వాకిట్లో పెసరకాయలు ఒలుస్తోంది. చెల్లెలి కంటే చాలా పెద్దది, చూపు కాస్త మసక. ఎప్పుడూ ఎవరో ఒకరు వెంట ఉంటేనే వచ్చే చెల్లెలు ఇంకో ఆడపిల్లతో వాకిట్లో నిలబడేసరికి ఆమె వీధి వైపు చూసింది.

"ఎవలు తోల్కొచ్చిండ్రే నిన్ను?"

"ఎవ్వలు తోల్కరాలె. నేనే తోలుకుంట వచ్చిన."

అక్క లేచి వచ్చి ముందు బండిని తడిమింది, తర్వాత చెల్లెలి చేతుల్ని తడిమింది. మెచ్చుకుంటుందనుకున్నాను. నన్నెక్కించుకో అంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాక అక్కాచెల్లెళ్ళిద్దరూ కొండ వైపు బయల్దేరారు. అరగంటలో వస్తామన్నవాళ్ళు ఎంతకీ రాలేదు. వాకిట్లో కూర్చుని గిన్నెడు పెసరకాయలు నేనే ఒలిచాను. ఎండ వాలుతుండగా వచ్చారు, ఇద్దరి కళ్ళలోనూ నవ్వి నవ్వి నీళ్ళు. ఏమైందంటే చెప్పలేదు.

ఇంటికి వచ్చాక సంగతి తెలిసి కూతురు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, నన్నెప్పుడు తీస్కపోతవ్ అని అడిగింది. ఆ తర్వాత పెద్దమ్మకు ఆ దారి మార్కెట్టుకు పోయినంత సులువైంది. కూతురితో, ఎదురింటి కోడలితో, ఎక్కువసార్లు ఒంటరిగా వెళ్ళేది. సీతాఫలాల కాలంలో బుట్ట నింపుకుని వచ్చి, చుట్టుదారైనా సరే గచ్చిబౌలిలో మా ఫ్లాటు కింద ఆగి, లిఫ్టు ఎక్కడం ఇష్టం లేక నన్నే కిందికి రమ్మని ఫోన్ చేసేది. కాయలు నా చేతిలో పెట్టి, కొండ మీద ఇవాళ ఏ రంగు మబ్బు ఉందో చెప్పి వెళ్ళిపోయేది. ఆ మబ్బుల కబుర్లు విన్న సాయంత్రాలకు నేను ఆవిడకు ఎంతో రుణపడి ఉన్నాను.

మొన్న మూడో రోజుకు చందానగర్ వెళ్ళాను. వాళ్ళక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను గొంతుతో గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ రోజు పైన అంతసేపు ఏం చేశారో ఇప్పుడైనా చెప్పమ్మా అన్నాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇటూ అటూ చూసి, చిన్నగా నవ్వింది. తనకు కూడా ముందు కూర్చోవాలనిపించిందట. ఆ మాట అనడానికి సిగ్గేసిందట. చెల్లెలే కనిపెట్టి, రోడ్డు పక్కన టేకు చెట్ల కింద సాపు జాగాలో బండిని స్టాండు వేసి, ఇంజన్ ఆపేసి, అక్కను ముందు ఎక్కించి తను వెనక కూర్చుందట. అక్క హ్యాండిల్ పట్టుకుని కుడికి తిప్పితే ఇద్దరూ కుడికి వంగారట, ఎడమకు తిప్పితే ఎడమకు. చెల్లెలు అక్క నడుం గట్టిగా పట్టుకుని, నిమ్మళంగ తోలే, లోయ ఉన్నది అంటోందట. పైన టేకాకులు ఊగుతున్నాయట. బండి కదలకుండానే గుట్టంతా తిరిగొచ్చారట ఇద్దరూ.