మూడు గడుల ఇంగ్లీషు

నా చిన్నప్పుడు, కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండగా, మా చిన్నమ్మ కొన్నాళ్లు మాతోనే ఉంది. అమ్మకు చెల్లెలు. పదో తరగతిలో అన్నీ పాసై ఒక్క ఇంగ్లీషులో తప్పింది. ఈసారి గట్టెక్కితే నర్సు ట్రైనింగుకు పంపుతానని, లేకపోతే పెండ్లి చేసేస్తానని ఊళ్లో మా తాతయ్య తేల్చి చెప్పాడు. నర్సు కావాలని ఆమెకు ప్రాణం.

నేను నాలుగో తరగతి. పేరుకే ఇంగ్లీషు మీడియం, ఒక్క వాక్యం చెప్పమంటే బిక్కమొహం వేసేదాన్ని. అది చూసి చిన్నమ్మ వాకిట్లో సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గీసింది. మూడే గడులు. మొదటి గడిలో ఎవరో చెప్పాలి, రెండో గడిలో ఏం చేస్తున్నారో, మూడో గడిలో ఎట్లా చేస్తున్నారో. ఎదురింటి అవ్వ కర్ర పట్టుకొని వస్తుంటే ఒంటికాలి మీద గెంతుతూ ‘షీ, వాక్స్, స్లోలీ’ అనాలి. పాలాయన సైకిలు మీద దూసుకుపోతే ‘హీ’, పిల్లలు అరుచుకుంటూ పోతే ‘దే’. తడబడితే ఔటే. చీరకుచ్చిళ్లు దోపుకొని చిన్నమ్మా గెంతేది, తన పరీక్షకూ అదే చదువు మరి. నెల తిరిగేసరికి నాకు ఇంగ్లీషంటే భయం పోయింది. దాంతోపాటు కొంచెం పొగరూ వచ్చింది.

ఒక ఆదివారం నా క్లాసు పిల్లలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. పెద్ద బంగళాల పిల్లలు. వాకిట్లో గట్టిగా ఇంగ్లీషు చెబుతూ గెంతుతున్న చిన్నమ్మను చూసి కిసుక్కున నవ్వి, “ఎవరే ఆమె?” అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. “మా ఇంట్ల పనిచేస్తది” అనేశాను.

చిన్నమ్మ విన్నది. లోపలికి వెళ్లి, రెండు గ్లాసుల్లో మంచినీళ్లు తెచ్చి, అచ్చం పనామె లాగే తల వంచుకొని “తాగుండ్రి బిడ్డా” అని ఇచ్చి, పక్కకు తప్పుకుంది. నా అబద్ధం బయటపడకుండా నా పరువు కాపాడింది. ఆమె నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

మళ్లీ గడులు గీయలేదు. పరీక్షకు ఇంకా పదిరోజులుండగానే ఊరికి వెళ్లిపోయింది. అమ్మ ఎంత బతిమాలినా “ఇంగ్లీషు నాకు రాదులే అక్కా, నవ్వులపాలు ఎందుకు” అన్నదట. ఎండాకాలంలోనే పెండ్లయిపోయింది. ఎందుకు వెళ్లిందో నా ఒక్కదానికే తెలుసు. అమ్మకు చెప్పే ధైర్యం లేక నోరు మూసుకున్నాను.

ఈమధ్య సుబేదారిలో ఒక పెండ్లిలో కలిస్తే, చేయి పట్టుకొని ఆనాటి మాటకు క్షమించమన్నాను. “ఎప్పటి ముచ్చటనే! నాకు యాదికే లేదు” అంది. అని తల పక్కకు తిప్పుకుంది.

ఆమె నేర్పిన ఇంగ్లీషుతోనే టీచరునయ్యాను, పిల్లలకు చెప్పీ చెప్పీ రిటైరయ్యాను. నీకు ఇంగ్లీషు ఎవరు నేర్పారని ఎవరడిగినా మా చిన్నమ్మ అని గొంతెత్తి చెబుతాను. చెప్పాల్సిన రోజున మాత్రం చెప్పలేకపోయాను.